ఫిదేలియా ఊయలకు ఎంత గది కావాలి

మొతూల్ వెళ్ళే దారిలో ఉన్న ఆ ఊళ్ళో గది ఎంత పెద్దదని అడిగితే ఎవరూ మీటర్లు చెప్పరు, ఊయలలు చెబుతారు. రెండు ఊయలల గది, మూడు ఊయలల గది. మంచం అనేది ఆసుపత్రిలో పడుకునే వస్తువు. గోడకూ గోడకూ మధ్య వల ఊయల ఒళ్ళు విరుచుకుని సాగాలి. గది పొట్టిదైతే పడుకున్న మనిషి రొయ్యలా ముడుచుకుపోయి, పొద్దున్నే నడుం పట్టుకుని లేచి, కట్టిన మేస్త్రిని తిట్టుకోవలసి వస్తుంది. అందుకని పొడవు మీద ఎవరికీ పేచీ లేదు, అది అన్ని గదులకూ ఒకటే. తగువంతా వెడల్పు మీద. వెడల్పంటే ఆ గదిలో ఎందరు పక్కపక్కన ఊగుతారన్న లెక్క. ఎవరు ఎవరి దగ్గర పడుకుంటారో తేల్చేదీ అదే.

ఆ ఆదివారం పొద్దున గౌదెన్సియో కంచే ఒక డబ్బాలో సున్నం పోసుకుని పెరట్లోకి దిగాడు. పాత ఆకుల ఇల్లు కిందటి వానలకి ఒక పక్కకి ఒరిగింది. ఇంక దాన్ని నమ్ముకుని లాభం లేదని, దాని పక్కనే సిమెంటు ఇటుకలతో కొత్తిల్లు మొదలుపెడుతున్నారు. వంట మాత్రం పాత ఇంట్లోనే, ఎందుకంటే సిమెంటు కప్పు కింద కట్టెల పొయ్యి పెడితే తనకి ఊపిరాడదని వాళ్ళమ్మ బసీలియా ముందే తేల్చేసింది. గౌదెన్సియో మెరిదా పట్నంలో ఒక భోజన హోటల్లో వంటవాడు. సోమవారం తెల్లారి బస్సెక్కితే శనివారం రాత్రికి ఇల్లు చేరతాడు. వారానికి ఒక్కరోజు యజమాని కాబట్టి ఆ ఒక్కరోజూ యజమానితనం కాస్త ఎక్కువే వెలగబెడతాడు.

పెరట్లో ఒక చివర బావి, ఇంకో చివర రోడ్డు. బావి దగ్గర మొదలుపెట్టి రోడ్డు వైపుకి సున్నం గీతలు పోసుకుంటూ నడిచాడు. ఇంటిల్లిపాదీ చేతిలో రొట్టెలతో, రొట్టెల్లో గోతిపొయ్యిలో కాల్చిన పంది మాంసంతో అతని వెనకే నడిచారు.

"ఇదిగో, బావి పక్కన అమ్మ గది. ఒక ఊయల," అన్నాడు. "దీని పక్కన ఆడపిల్లలది. లాండికి ఒకటి, సుగేకి ఒకటి. ఆ తర్వాత మాది. నాకూ నీదియాకీ, బుజ్జిది రేనాకీ, మూడు. ఇక్కణ్ణుంచి రోడ్డు దాకా హాలు. ఐదు ఊయలలు పడతాయి. సుగేకి పదిహేనేళ్ళు నిండే పండగ ఈ హాల్లోనే చేస్తా."

అతని అక్క ఫిదేలియా అందరి వెనకా నిలబడి ఉంది. ఊయలలు అల్లడం ఆమె వృత్తి. చిన్నప్పటినుంచి పోగులు లెక్కపెట్టే చేతులు, ఆమె అనుకోకపోయినా లెక్కపెట్టేశాయి. మూడు గదులు, ఆరు ఊయలలు, ఇంట్లో మనుషులు ఏడుగురు. మొదట తాను తప్పు లెక్కేశాననుకుంది. ఇంకోసారి బావి నుంచి మొదలుపెట్టింది. లెక్క సరిగ్గానే ఉంది.

"ఎలా ఉందక్కా?" అన్నాడు గౌదెన్సియో చేతులు దులుపుకుంటూ.

"బాగుందిరా. గాలి బాగా ఆడుతుంది," అంది ఫిదేలియా. చేతిలో రొట్టె సగంలోనే కోళ్ళకి వేసేసింది.

ఈ ఫిదేలియా సంగతి కొంచెం చెప్పాలి. యాభై దాటి రెండేళ్ళయింది. పొట్టి మనిషి, గుండ్రటి మొహం, కుట్టుపని చేసిన తెల్ల గౌను, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక దారపు ముక్క. నాన్న కిత్తనార పొలాల్లో పనిచేస్తూ చనిపోయినప్పుడు ఆమెకి పదమూడేళ్ళు, గౌదెన్సియోకి ఇంకా పళ్ళు రాలేదు. అమ్మ ఊళ్ళో వాళ్ళ బట్టలు ఉతకడానికి వెళితే తమ్ముడు ఈమె చంకనే పెరిగాడు. అతను నడక నేర్చుకున్నాక ఈమె మెరిదాలో ఒక డబ్బున్నవాళ్ళింట్లో పనికి కుదిరింది. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, కానీ బట్టలుతికే గదిలో ఊయలకి కొక్కేలు కొట్టించి ఇచ్చారు. ఆ గది ఎంత ఇరుకంటే అక్కడున్న మూడేళ్ళూ మోకాళ్ళు గడ్డానికి ఆనించి పడుకుంది. ఇప్పటికీ వాన పట్టే ముందు ఆమె వీపు చెబుతుంది.

పెళ్ళి మాట రాకపోలేదు. ఔదోమారో అని మొతూల్ బస్సు నడిపే మనిషి రెండుసార్లు వచ్చి అడిగాడు, మూడోసారి వాళ్ళమ్మని పంపాడు. తమ్ముడి చదువు ఉందని చెప్పి ఫిదేలియా వద్దంది. ఊరంతా ఆహా ఎంత త్యాగం అంది. ఆమెని అడిగితే నవ్వి, ఆ మనిషి పులుసు తాగితే పక్క వీధిదాకా వినిపించేదని చెబుతుంది. ఏది నిజమో నాకు తెలియదు. రెండూ నిజమే అయ్యుండొచ్చు.

ఆ ఇంట్లో ఆమెకంటూ కొక్కేలు ఎప్పుడూ లేవు. ఎక్కడ సందుంటే అక్కడ ఊయల కట్టుకునేది. తమ్ముడి పెళ్ళయినప్పుడు వంటింటి వైపు జరిగింది. లాండి పుట్టాక బాలింత పక్కన ఒకరుండాలని మళ్ళీ ఇంట్లోకి జరిగింది. సుగే పుట్టాక ఇంకో మూలకి జరిగింది. అమ్మకి పిత్తాశయం తీసేసినప్పుడు ఆసుపత్రి వరండాలో రెండు స్తంభాల మధ్య కట్టుకుంది. ముసలితనాన పుట్టింది పాపం అని ఊరు వేళాకోళం చేసిన బుజ్జి రేనా వచ్చాక, దాని ఊయలకి తాడు కట్టి, ఆ తాడు తన కాలి బొటనవేలికి తగిలించుకుని, నిద్దట్లోనే ఊపుతోంది. ఎవరూ ఆమెను జరగమని అనలేదు. అవసరం కనబడగానే ఆమే జరిగేది. అదేం పెద్ద విషయమని ఆమె కూడా అనుకోలేదు, ఆ సున్నం గీతల దాకా.

కొత్త ఇంట్లో సందులుండవు. గోడలుంటాయి, గోడలకి తలుపులుంటాయి, ఏ కొక్కెం ఎవరిదో ముందే రాసిపెట్టి ఉంటుంది. ఆ సిమెంటు కొన్న డబ్బులో తాను అల్లి అమ్మిన ఊయలలు ఎన్ని కలిసిపోయాయో ఆమెకి తెలుసు. అయినా నోరు తెరిచి అడగడానికి మనసొప్పలేదు. ఇవ్వరని కాదు. అడిగితే తప్పకుండా ఇస్తారు, అయ్యో మర్చిపోయామే అని నాలుక కరుచుకుని మరీ ఇస్తారు. ఆమె భయం అదే. అడిగి తెచ్చుకున్న చోట్లో రోజూ రాత్రి ఎలా పడుకోవడం?

మొతూల్లో ఆమెకి ఆదీ అని చిన్నమ్మ కూతురుంది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు, ఊయలలు అల్లి అమ్మే కొట్టుంది. వచ్చి తనతో ఉండమని ఏళ్ళ తరబడి పోరుతోంది. ఫిదేలియా ఎప్పుడూ నవ్వి ఊరుకునేది. ఈసారి వారం గడువు పెట్టుకుంది. మళ్ళీ ఆదివారం వచ్చేలోగా ఎవరైనా, ఒక్కరైనా, ఫలానా గదిలో నువ్వు అంటే సరే. లేదంటే మధ్యాహ్నం బస్సుకి మొతూల్.

సోమవారం లింబెర్త్ మేస్త్రి దిగాడు. ఊళ్ళో సగం ఇళ్ళు ఆయన కట్టినవే. పనిమంతుడే, కానీ ఎవరికీ కాదని చెప్పలేడు. ఆయన పెళ్ళాం బతికున్నప్పుడు ఆయన బదులు ఆవిడ చెప్పేది. ఇప్పుడు ఎవరేమడిగినా తల పంకించి మీసం సవరించుకుంటాడు. గూటాలు కొట్టి, దారాలు లాగి, బావి వైపు గది నుంచి పునాది కొలతలు మొదలుపెట్టాడు.

అప్పటినుంచీ ఇల్లంతా గుసగుసలే.

మంగళవారం బసీలియా ఉన్నట్టుండి పుల్ల నారింజకాయలు కావాలంది. ఇంట్లో బుట్టెడున్నాయి. "అవి కాదు, తులా వాళ్ళ చెట్టువి," అని కూతుర్ని ఊరి చివరికి తరిమింది. ఫిదేలియా తిరిగొచ్చేసరికి ముసలావిడ కర్ర ఊపుతూ మేస్త్రికి ఏదో గట్టిగా చెబుతోంది. కూతుర్ని చూడగానే నోరు మూసేసి, ఎండ ఎక్కువగా ఉందంది.

బుధవారం నీదియా బట్టలారేస్తూ మేస్త్రితో మాట్లాడుతోంది. ఫిదేలియా మలుపు తిరగగానే మాట మధ్యలో తెగ్గొట్టి, "వదినా, పిల్ల లేచినట్టుంది చూడు," అంది. పిల్ల గురక పెడుతోంది.

గురువారం లాండి. పదిహేడేళ్ళ పిల్ల, ఇంటి పని అంటే ఆమడ దూరం పరిగెత్తే పిల్ల, చెప్పకుండానే మేస్త్రికి చల్లటి మొక్కజొన్న జావ పట్టుకెళ్ళింది. ఆయన తాగినంతసేపూ చెవిలో జోరీగలా ఏదో చెబుతూనే ఉంది. అత్తని చూసి, "ఏం లేదత్తా, సిమెంటు గురించి అడుగుతున్నా," అంది. ఆ పిల్లకీ సిమెంటుకీ ఏమిటి సంబంధం?

ఫిదేలియా ఒకటికి ఒకటి కలుపుకుంది. నన్నెక్కడ సర్దాలో తెలియక మల్లగుల్లాలు పడుతున్నారు, అనుకుంది. ఎవరి గదిలోనూ ఇమడని మనిషినయ్యాను. నా మొహం మీద చెప్పలేక మేస్త్రితో చెప్పుకుంటున్నారు. ఆ రోజు అల్లిన ఊయలలో రెండు వరసలు తప్పు పడ్డాయి. ఎన్నడూ లేనిది, విప్పి మళ్ళీ అల్లవలసి వచ్చింది. శుక్రవారం ఆదీకి ఫోన్ చేసి, ఆదివారం మధ్యాహ్నం బస్సుకి వస్తానంది. ఎన్నాళ్ళుంటావని ఆదీ అడిగితే, చూద్దాంలే అంది. రెండు గౌన్లు, దువ్వెన, అల్లిక కర్రలు ఒక సంచిలో పెట్టి వంటింట్లో కుండల వెనక దాచింది. ఆ సంచి సర్దుతుంటే ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననిపించింది.

ఆదివారం పొద్దున్నే గౌదెన్సియో మాంసం పొట్లాలతో పెరట్లోకొచ్చి, దారాల వెంట బావి నుంచి నడుచుకుంటూ వెళ్ళాడు. వెళ్ళినవాడు రోడ్డు దగ్గర ఆగిపోయాడు. అటు చూశాడు, ఇటు చూశాడు, మళ్ళీ బావి వైపు చూశాడు. మేస్త్రి ఇటుకల మీద కూర్చుని మీసం సవరించుకుంటున్నాడు.

"లింబెర్త్ మావా, హాలెక్కడ?"

"నువ్వు నిలబడ్డావే, అదే."

"ఇందులో కుర్చీ వేస్తే మనిషి కూర్చోడానికి చోటుండదు."

"అయితే కుర్చీ వెయ్యకు."

"నేను ఐదు ఊయలల హాలు చెప్పాను మావా. ఇందులో ఒక్కటి కడితే కాళ్ళు రోడ్డు మీదకొస్తాయి. నా హాలేమైంది?"

"మీ గదులు తినేశాయి," అన్నాడు మేస్త్రి. ఇక దాచి లాభం లేదని లేచి నిలబడ్డాడు. "మీ అమ్మగారు తన గది రెండు ఊయలలు పెంచమన్నారు. పెంచా. మీ ఆవిడ మీ గది ఒక ఊయల పెంచమంది. పెంచా. మీ పెద్దమ్మాయి తనది ఒకటి పెంచమంది, అదీ పెంచా. ముగ్గురూ గౌదెన్సియోకి చెప్పకు, గోడలు లేచాక నేనే చెప్తానన్నారు. నేనేం చేసేది? మీ ఇంట్లో అందరూ పెద్దమనుషులే. అసలు మీ ఇంట్లో ఎంతమందయ్యా ఉంటారు? నేను ఇన్ని గూటాలు చర్చికి కూడా కొట్టలేదు."

గౌదెన్సియో తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, నీకు మూడు ఊయలలెందుకు? నువ్వు చూస్తే పిట్టంత ఉంటావు."

బసీలియా కర్ర నేల మీద ఆనించి తాపీగా చెప్పింది. "ఒకటి నాది. ఒకటి నా కూతురిది. ఇంకోటి దాని అల్లిక చట్రం పెట్టుకోడానికి. బయట ఎండలో అల్లి అల్లి దాని కళ్ళు ఏమైపోతున్నాయో మీకెవరికైనా పట్టిందా?"

ఫిదేలియా అప్పుడే వంటింట్లోంచి రొట్టెల గుడ్డ పట్టుకుని వస్తోంది. ఆ మాట వినబడి అక్కడే నిలబడిపోయింది.

"అదేంటత్తయ్యా," అంది నీదియా. "వదిన మీ గదిలో ఎలా పడుకుంటుంది? రేనా రాత్రి లేస్తే ఎవరు ఊపుతారు? వదిన మా పక్కన ఉంటుందనే కదా నేను ఒక ఊయల పెంచమంది."

"నీ పిల్లని నువ్వు ఊపుకో. నీకు కాళ్ళు లేవా?"

"నా కాలు ఊపితే అది ఇంకా ఏడుస్తుంది. మీకూ తెలుసు."

"ఏంటి మీ ఇద్దరూ," అని లాండి మధ్యలో దూరింది. "అత్త మా గదిలో ఉంటుంది. నేను ఎప్పుడో అనుకున్నా. సుగేకి ఉరుములంటే భయం, అత్త పక్కన ఉంటేనే పడుకుంటుంది."

"నాకా?" అంది సుగే నోట్లో మాంసం ముద్దతో. "కిందటి వానకి అత్త ఊయల్లోకి దూరింది నువ్వా నేనా?"

"నువ్వు నోర్ముయ్."

"ముందు నేను చెప్పా మేస్త్రికి," అంది బసీలియా. "మంగళవారం చెప్పా. నీది బుధవారం, దీనిది గురువారం. కావాలంటే అడగండి ఆయన్ని."

"నన్ను లాగకండమ్మా," అన్నాడు మేస్త్రి.

"మీరు ముందు చెప్పారని మీ సొత్తయిపోతుందా వదిన? పెళ్ళయి వచ్చినప్పట్నుంచీ నాకు తోడుంది ఎవరు? మీ అబ్బాయా? ఆయన మెరిదాలో పులుసులు కాస్తుంటే నా పురుళ్ళన్నీ వదినే కదా చూసింది."

"నా పిత్తాశయం తీసినప్పుడు ఎవరు చూశారు మరి?"

"అదీ వదినే. అదే నేననేది."

ఫిదేలియా రొట్టెల గుడ్డ అలాగే పట్టుకుని నిలబడింది. ఎవరూ ఆమెకేసి చూడలేదు. మేక పిల్లని సంతలో తలా ఒక కాలూ పట్టుకుని లాగుతున్నట్టుగా ఆమె గురించే కొట్టుకుంటున్నారు, ఆమె ఎదురుగా ఉందన్న సంగతే మరిచిపోయి. ఆ నారింజకాయలు, ఆ నిద్రపోయే పిల్ల, ఆ సిమెంటు కబుర్లు, అన్నీ ఇందుకా? పోగేసిన సిమెంటు ఇటుకల మీద చతికిలబడి ఏడవడం మొదలుపెట్టింది. గట్టిగానే ఏడ్చింది. చేతిలో గుడ్డలో రొట్టెలున్నాయి కాబట్టి కళ్ళు తుడుచుకోడానికి కూడా వీల్లేకపోయింది.

సుగే వచ్చి ఆ గుడ్డ అందుకుంది.

"ఏమైందక్కా?" అన్నాడు గౌదెన్సియో.

"కుండల వెనక సంచి ఉందిరా," అంది ఫిదేలియా ముక్కు చీదుతూ. "మధ్యాహ్నం బస్సుకి మొతూల్ వెళ్దామని సర్దుకున్నా. ఆదీ దగ్గరికి."

"ఎన్నాళ్ళకి?"

"తిరిగి రావాలని అనుకోలేదు."

గౌదెన్సియో కూడా ఇటుకల మీద కూలబడ్డాడు. పక్కన కూర్చుంటే నలభై ఏళ్ళ ఆ మనిషి మళ్ళీ ఆమె చంకలోని పిల్లాడిలాగే కనబడ్డాడు.

"ఎందుకు? మేమేం చేశాం?"

"నువ్వు సున్నం పోసినప్పుడు అందరి పేర్లూ చెప్పావు. నా పేరు చెప్పలేదు. మర్చిపోయావనుకున్నా."

"మర్చిపోవడమా." అతను తల పట్టుకున్నాడు. "నీ పేరు దగ్గరే కదక్కా నేను ఆగిపోయింది. అమ్మ గదిలో అంటే నీదియా ఊరుకోదు. మా గదిలో అంటే అమ్మ ఆ కర్ర తీస్తుంది. పిల్లల గదిలో అంటే ఇద్దరూ కలిసి నన్ను చంపుతారు. గోడలు లేచాక వాళ్ళే తేల్చుకుంటారులే అని నోరు మూసుకున్నా. పిరికితనం, ఇంకేం కాదు. నువ్విలా అనుకుంటావని నా బుర్రకి తట్టలేదు. క్షమించక్కా."

ఫిదేలియా తమ్ముడి నెత్తి మీద చెయ్యి వేసింది. ఇంతమంది తన కోసం గోడలు జరిపేస్తుంటే, తనకి చోటులేదని సంచి సర్దుకుంది తాను. సిగ్గేసింది, కానీ అంతకంటే ఎక్కువ సంతోషమేసింది. నాకు ఇంకేం కావాలి దేవుడా, అనుకుంది. ఈ ముసల్దాని కర్రా, ఈ మరదలి నోరూ, ఈ పిల్లల తగువులూ, ఇన్ని ఇచ్చావు, లెక్క తెలియక ఆరే అనుకున్నాను. పైకి మాత్రం, "రొట్టెలు చల్లారిపోతున్నాయి," అంది.

"రొట్టెల సంగతి తర్వాత," అంది బసీలియా. "ఇప్పుడు నువ్వే చెప్పు. ఎవరి గదిలో ఉంటావు? నువ్వు చెప్పిందే మాట, ఎవరూ అలగకూడదు. అలిగితే నేనే అలుగుతా."

అందరూ ఆమెకేసి చూశారు. లాండి రెండు చేతులూ జోడించి బతిమాలుతున్నట్టు మొహం పెట్టింది. నీదియా పిల్లని ఎత్తుకుని ఆమెకి కనబడేలా ముందుకొచ్చి నిలబడింది. ఫిదేలియా ఒక్కొక్కరినీ చూసింది. ఎవరి గదిలో అన్నా హాయిగానే ఉంటుంది, అందులో అబద్ధమేం లేదు. అమ్మ గదిలో అందామని నోరు తెరిచింది కూడా. నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"నాకు గది కావాలి," అంది. "నా ఒక్కదానికి. తలుపుతో."

ఆ మాట విని అందరికంటే ముందు ఆశ్చర్యపోయింది ఆమే. మేస్త్రి మీసం మీది చెయ్యి తీశాడు.

"మా మీద కోపమా వదినా?" అంది నీదియా మెల్లిగా.

"కాదే పిచ్చిదానా. ఎలా చెప్పను?" అంది ఫిదేలియా. "పొద్దున మీరు నాకు వేరే గది ఇచ్చి ఉంటే, నన్ను పక్కకి నెట్టేశారనుకుని అదే బస్సెక్కి ఉండేదాన్ని. ఇప్పుడు మీరు నాకోసం ఇలా జుట్లు పట్టుకోవడం చూశాక, తలుపేసుకుని పడుకోడానికి నాకేం భయం లేదు. అవతల మీరున్నారని తెలుసు. తలుపేసుకుని పడుకుంటే ఎలా ఉంటుందో నేను ఒక్కరోజు కూడా ఎరగనే. నాకు చూడాలనుంది."

"అయితే రేనా?" అంది నీదియా.

"ఏడిస్తే వస్తాలే. నువ్వు ముందు నీ కాలితో ప్రయత్నం చెయ్యి."

బసీలియా అలిగిందేమోనని గౌదెన్సియో బితుకుబితుకుమంటూ చూశాడు. ముసలావిడ కర్రతో బావి వైపు చూపించింది.

"బావి పక్క గది దానికివ్వండి. పొద్దుటి గాలి ముందు అటే వస్తుంది. నేను ఈ పక్కకి జరుగుతా. నాకొక్క ఊయల చాలు, ఆ రెండూ దానికోసమే కదా అడిగా." తర్వాత కూతురి వైపు తిరిగి, "నీకు మీ నాన్న పోలికే వచ్చింది. ఆయనా అంతే, ఏమీ అడగడు, అడిగాడంటే మనం ఇవ్వాల్సిందే," అంది. ఆవిడ అటు తిరిగి కోళ్ళని అదిలించింది.

మేస్త్రి వేళ్ళు మడిచి లెక్క చూశాడు. అందరూ పెంచుకున్నవి ఎవరివి వాళ్ళు వదిలేస్తే నాలుగు ఊయలలు మిగులుతాయి. అందులో రెండు ఫిదేలియా గదికి పోతే హాలుకి రెండు వెనక్కొస్తాయి. "హాలు మూడు ఊయలలవుతుంది," అన్నాడు. "సుగే పండక్కి అందరూ ఎలాగూ పెరట్లోనే తింటారు." గౌదెన్సియో హాలుకేసి ఒకసారి దిగులుగా చూసి, సరే అన్నాడు.

గూటాలన్నీ పీకారు. మిగతా మాంసం పొట్లాలు ఎవరూ విప్పలేదు. సుగే లోపలికెళ్ళి సంచి పట్టుకొచ్చి, ఎవరూ చెప్పకుండానే గౌన్లు మడతపెట్టి పాత చోట పెట్టింది. ఆదీకి ఫోన్ చేసింది లాండి. "అత్త రావట్లేదు ఆదీ అత్తా. లేదు, మంచం పట్టలేదు. గది కట్టుకుంటోంది," అని చెప్పింది. అవతల ఆదీ ఏమందో గానీ లాండి కిసుక్కున నవ్వింది.

"రా ఫిదేలియా," అని మేస్త్రి సున్నం డబ్బా ఆమె చేతికే ఇచ్చాడు. "నీ గది నువ్వే పోసుకో. వారం నుంచీ మీవాళ్ళు చెప్పింది విని నా పని ఇలా అయింది."

బావి పక్క మొదటి గూటం కొట్టారు. ఫిదేలియా చేతులు బారలు చాపి వెడల్పు కొలుచుకుంది. ఊయలకి ఒకటి, చట్రానికి ఒకటి. సున్నం గీత పోసి, లోపల నిలబడి, నాలుగు వైపులా చూసుకుంది. గీతల మధ్య ఆమె ఒక్కతే ఉంది. మిగతా అందరూ గీత బయట వరసగా నిలబడి ఉన్నారు, ఎవరూ లోపలికి అడుగు పెట్టలేదు.

"చాలా?" అన్నాడు గౌదెన్సియో.

చాలు అనబోయి ఆగింది. చెప్పు కాలితో ఆ గీత చెరిపేసి, ఒక అడుగు అవతలికి ఇంకో గీత పోసింది.

"చూడు ఫిదేలియా," అన్నాడు మేస్త్రి. "నువ్వు ఒక్క అడుగు జరిపితే మీ అమ్మ గోడ జరగాలి, పిల్లల గోడ జరగాలి, వీళ్ళ గోడ జరగాలి. అందరూ జరగాలి, తెలుసా?"

"జరుగుతాం మావా," అన్నాడు గౌదెన్సియో. "నువ్వు దారం లాగు."

"కిటికీ దగ్గర కూర్చుని అల్లుకోడానికి," అని ఫిదేలియా సంజాయిషీ చెప్పుకుంది. మేస్త్రి దారం లాగుతుంటే కాసేపు నిలబడి చూసింది. దారం బిగిసే లోపల మళ్ళీ ముందుకొచ్చి, ఆ గీత కూడా చెరిపి, ఇంకో అడుగు అవతల పోసింది. ఈసారి ఎందుకో చెప్పలేదు. ఎవరూ అడగలేదు.